సీట్ల కంటే ముందు నేల చూడండి

పాత కారు బాగు చేసుకుంటున్నానని ఎవరికి చెప్పినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "సీట్లు ఏ రంగు వేయిస్తున్నావ్?" ఫ్రెండ్స్ అదే అడుగుతారు, చుట్టాలూ అదే అడుగుతారు. కుషన్ షాపుకి వెళ్తే మనం నోరు తెరవకముందే శాంపిల్ పుస్తకం ముందు పెడతారు. మ్యాట్ కింద ఏముంది, తలుపు అట్ట వెనక ఏముంది అని మాత్రం ఎవరూ అడగరు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది, మొహమాటం లేకుండా చెప్పేస్తాను. విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లో పాత కారు లోపలి పని నేలతో మొదలవ్వాలి. తడి ఎటు నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి, రేకుని కాపాడుకోవాలి, ఆ తరవాతే సీట్ల జోలికి వెళ్లాలి, వెళ్లినప్పుడు కూడా పాతదాంట్లో ఎంత మిగుల్చుకోగలమో అంత మిగుల్చుకోవాలి. ఈ వరస తలకిందులు చేస్తే ఎంత ఖరీదు పెట్టి వేయించిన రెగ్జినైనా రెండు మూడు వానాకాలాలకి ముక్కిన వాసన కొడుతుంది.

మా ఇంట్లో ఉన్నది 1979 నాటి ప్రీమియర్ పద్మిని. పద్మిని అని కాగితాల్లోనే, ఇంట్లో అందరికీ అది ఫియట్. ఆ పిలుపులో తప్పేం లేదు, ఇటలీలో ఫియట్ 1100 డి గా వచ్చిన బండినే ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారు చేశారు, 1974లో పద్మిని అని పేరు మార్చారు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు, ముందు కూడా పొడుగాటి బెంచీ సీటు. బుక్ చేసుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూడాల్సిన రోజుల్లో నాన్నగారు కొన్నది. పెదవాల్తేరులో మా ఇంటి నుంచి లాసన్స్ బే దగ్గరే, సాయంత్రం గాలి తిరిగితే డాబా మీద ఆరేసిన బట్టలు జిగటగా తగులుతాయి. అదే గాలి ఇన్నేళ్లూ ఈ కారు మీద నుంచి పోయింది.

విశాఖవాళ్లందరికీ తెలియాల్సిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో పెట్టిన వాల్‌చంద్ హీరాచందే మన షిప్‌యార్డుకి కూడా మూలపురుషుడు. సింధియా అనే ఓడల కంపెనీ తరఫున 1941లో ఇక్కడ షిప్‌యార్డు మొదలుపెట్టింది ఆయనే, రాజేంద్రప్రసాద్ వచ్చి శంకుస్థాపన చేశారు, 1948లో జల ఉష ఓడ ఇక్కడి నుంచే నీళ్లలోకి దిగింది. సింధియా జంక్షన్ అని ఇప్పటికీ అంటున్నాం కదా, అది ఆ సింధియానే. అంటే మా ఫియట్‌కీ ఈ ఊరికీ ఒక బంధుత్వం ఉంది. నాకు పనికొచ్చిన పాఠం కూడా షిప్‌యార్డు వైపు నుంచే వచ్చింది. అక్కడ పెయింటింగ్ పనిలో ఉండి రిటైరైన మా వీధి పెద్దాయన ఒకాయన మా కారు నేల చూసి మొదట అన్న మాట, "రంగు సంగతి తరవాత బాబూ, ముందు ఉప్పు కడుగు."

ఈ ఉప్పు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కారు తుప్పు పట్టేది వానలో తడవడం వల్లే అనుకుంటారు. షెడ్డులో పెట్టి కవరు కప్పేశాం కాబట్టి ఫర్వాలేదని ధైర్యంగా ఉంటారు. సముద్రం మీద నుంచి వచ్చే గాలిలో కంటికి కనపడనంత సన్నని ఉప్పు ఉంటుంది. అది సందుల్లోంచి లోపలికి వచ్చి మ్యాట్ కింద, సీటు కింద, తలుపు అడుగున చేరుతుంది, మన చెప్పులతో బీచ్ నుంచి వచ్చే ఇసుక దానికి తోడు. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటిందంటే ఉప్పు దానంతట అదే గాలిలోని నీటిని పీల్చుకుని కరిగిపోతుంది. విశాఖలో ఏడాదిలో చాలా రోజులు తెల్లవారుజామున తేమ ఆ గీతకి అటూ ఇటూగానే ఉంటుంది. అంటే ఒక్క వాన చుక్క పడకుండానే మ్యాట్ కింద రేకు రోజూ తడుస్తూ ఆరుతూ ఉంటుంది. అనంతపురంలోనో కర్నూలులోనో పాతికేళ్లు చెక్కుచెదరని నేల ఇక్కడ అంతకాలం ఎందుకు ఆగదో ఇది తెలిస్తే అర్థమవుతుంది. అక్కడివాళ్లు వీడియోల్లో చూపించే పద్ధతులు ఇక్కడ ఉన్నదున్నట్టు చేస్తే కుదరదు.

పైగా ఈ బండికి నేలంటే ఊరికే కాళ్లు పెట్టుకునే చోటు మాత్రమే కాదు. 1953లో ఇటలీలో వచ్చిన ఫియట్ 1100/103 నుంచే ఈ కారుకి విడిగా ఛాసిస్ ఫ్రేము లేదు. నేల రేకు, తలుపుల కింద పొడవునా ఉండే బాక్సు, పైకప్పు, స్తంభాలు అన్నీ కలిసి బరువు మోస్తాయి. నేల పుచ్చితే కారు నడుం పుచ్చినట్టే. తలుపు సరిగ్గా పడకపోవడం, వెయ్యడానికి కాస్త ఎత్తి తొయ్యాల్సి రావడం చాలాసార్లు తాళం జబ్బు కాదు, కింద రేకు బలం పోయిందని గుర్తు. ముందు సీటు పట్టాలు కూడా ఈ నేలకే బిగించి ఉంటాయి. అలాంటి నేల మీద మెత్తటి సీటు వేసుకుని కూర్చోవడం అందం సంగతి అటుంచి ప్రమాదం కూడా.

కాబట్టి సీట్లు బయటికి తీయండి. బోల్టులు తుప్పుతో పట్టేసి ఉంటాయి, బలం చూపిస్తే కింద వెల్డ్ చేసిన నట్టు ఊడి చేతికొస్తుంది, ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. మ్యాట్ తీసి స్క్రూడ్రైవర్ పిడితో నేలంతా తట్టుకుంటూ పోండి. గట్టి రేకు మోగుతుంది, పుచ్చిన రేకు మూగగా ఉంటుంది. మూగగా ఉన్నచోట మొనతో పొడవండి, దిగితే దిగనివ్వండి, ఆ చిల్లు ఇప్పుడు కనపడటమే మేలు. పైపైన తుప్పు ఉన్నచోట వైర్ బ్రష్‌తో గీకి, మంచినీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మిగిలిన తుప్పుని గట్టి పొరగా మార్చే ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, ఆ తరవాత ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. బోట్లకి వాడే ఎపాక్సీ ఫిషింగ్ హార్బర్ వైపు షాపుల్లో దొరుకుతుంది, ఈ ఊళ్లో ఉన్నందుకు మనకున్న సౌకర్యం అది, వాడుకోండి. రెడ్ ఆక్సైడ్ ఒక్కటి పూసి వదిలేయడం అందరికీ అలవాటు. కానీ అది ప్రైమర్ మాత్రమే, తేమని పూర్తిగా ఆపలేదు, పైన ఇంకో కోటు తప్పనిసరి. ఇవన్నీ చేసేటప్పుడు మాస్కు పెట్టుకోండి, షెడ్డు తలుపులు తెరిచి ఉంచండి.

చిల్లులు పడినచోట టింకరింగ్ మేస్త్రి కావాలి, వెల్డింగ్ నాకు రాదు. అయినా మన ఇంటి దగ్గర, మన కళ్లముందు చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. కారణం, ఈ పనిలో దగ్గరదారి ఒకటుంది: తుప్పు రేకు మీదే కొత్త రేకు పరిచి రివిట్లు కొట్టి తారు పూసేయడం. పైనుంచి చూస్తే చక్కగా ఉంటుంది. రెండు రేకుల మధ్య ఉప్పూ తడీ ఇరుక్కుని లోపల్లోపల తినేస్తాయి. పుచ్చిన రేకుని గట్టి రేకు తగిలేదాకా కోసేసి, అదే మందం కొత్త రేకు పెట్టి వెల్డ్ చేయాలి. కోసేముందు కారు కింద సరైన చోట్ల స్టాండ్లు పెట్టి, పని మధ్యలో తలుపులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవాలి. బ్యాటరీ తీసేయాలి, వైర్లూ పెట్రోల్ గొట్టమూ ఆ దరిదాపుల్లో లేకుండా చూడాలి. ఇవన్నీ నిలబడి చూసుకునే ఓపిక ఓనరుకే ఉంటుంది.

ఇక నీళ్లు వచ్చే దారులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో కార్లు పడ్డ అవస్థ అందరికీ గుర్తుండే ఉంటుంది. మా షెడ్డు రేకులు లేచిపోయాయి, కారు ఆ గాలీవానలో బయటే ఉంది, తరవాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్యాను పెట్టి ఆరబెట్టే వీలు కూడా లేకపోయింది. సీటు లోపల బూజు మొదలైంది అప్పుడే. అంత గాలికి నీళ్లు ఎటు నుంచైనా వస్తాయి, అది వేరు. మామూలు వానకి వచ్చే దారులు మాత్రం లెక్కపెట్టుకోదగినన్నే: ముందు వెనక అద్దాల బీడింగు, అంటే అద్దం చుట్టూ ఉండే రబ్బరు అంచు, ముందు తలుపుల్లో ఉండే చిన్న తిరిగే గ్లాసు రబ్బరు, తలుపు గ్లాసు పక్కన పట్టీ, నేలలో ఉండే రబ్బరు బిరడాలు. పట్టుకునే పద్ధతి తేలిక. ఖాళీ నేల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోండి. బయట ఇంకొకరు పైపుతో నీళ్లు కింద నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి పట్టాలి. పై నుంచి పడితే నీళ్లు అంతటా జారి అసలు దారి తెలీదు. ఈ పనికి మా అమ్మాయిని లోపల కూర్చోబెట్టాను, చురుకైన కళ్లు కదా, నాకంటే ముందే పట్టేసింది.

తలుపుల గురించి ఒక్కమాట. గ్లాసు పక్క నుంచి తలుపులోకి నీళ్లు దిగడం మామూలే, తయారీలోనే అలా ఉంది, అందుకే అడుగున చిల్లులు ఇచ్చారు. ఆ చిల్లులు మట్టితో పూడిపోతే నీళ్లు నిలిచి తలుపు అడుగు పుచ్చుతుంది, లోపలి హార్డ్‌బోర్డు అట్ట నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఒక సన్న తీగతో చిల్లులు తెరవండి, అట్టకీ రేకుకీ మధ్య దళసరి ప్లాస్టిక్ షీటు అంటించండి. చాలా పాత కార్లలో ఆ షీటు ఎప్పుడో ఎవరో తీసిపారేసి ఉంటారు.

నేల ఆరి, దారులు మూసుకున్నాక సీట్ల దగ్గరికి వద్దాం. నా వాదనకి ఎక్కువ వ్యతిరేకత వచ్చేది ఇక్కడే. పాత సీటు విప్పితే వరసగా కనిపించేవి స్ప్రింగులు, వాటి మీద గోనెపట్టా, దాని మీద కొబ్బరి పీచు, పీచు మీద పల్చటి దూది పొరో స్పాంజో, పైన రెగ్జిను. షాపులో దీన్నంతా చెత్త అంటారు. మొత్తం తీసేసి ఒకే దిమ్మ ఫోము పెట్టేస్తాం, మెత్తగా ఉంటుంది అంటారు. నేను ఒప్పుకోను. కొబ్బరి పీచుని తక్కువ చెయ్యొద్దు. అందులో లిగ్నిన్ ఎక్కువ, అంత తేలిగ్గా కుళ్లదు. కేరళలో కొబ్బరి డొక్కల్ని బ్యాక్‌వాటర్స్ ఉప్పునీళ్లలో నెలల తరబడి నానబెట్టే పీచు తీస్తారు. ఉప్పుకీ తడికీ అంతగా ఓర్చుకునే వస్తువు సీటులో ఉంటే దాన్ని పీకి పారేసి, తేమకి పొడి అయిపోయేదాన్ని పెట్టడం ఏం న్యాయం? పాలియురెతేన్ ఫోములో ఒక రకం గాలిలోని తేమతోనే విరిగిపోతుంది, ఇంకో రకం వెలుతురుకీ గాలికీ పాడవుతుంది. పాత సోఫాలోంచి పచ్చటి పొడి రాలడం మీరు చూసే ఉంటారు. పీచులోంచి గాలి ఆడుతుంది, తడిసినా ఆరుతుంది. ఫోము నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది, ఆ నీళ్లు కిందకి దిగి మళ్లీ మన నేలకే చేటు.

అల్లిపురం వైపు ఒక పెద్ద మేస్త్రి ఉన్నారు, చిన్నప్పటి నుంచీ కుషన్ పనే. మా వెనక సీటు ఆటోలో వేసుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్తే వేళ్లతో పీచు నొక్కి చూసి, "ఏటి బాబూ, ఇంత మంచి పీచు ఎందుకు తీస్తారు? ఒక మూల బూజు పట్టింది, ఆ మూల కోసి ముక్క వేద్దాం" అన్నారు. అదే చేశాం. స్ప్రింగులకి తుప్పు గీకి రంగు వేసి, తెగిన రెండుచోట్ల తీగతో కట్టి, గోనెపట్టా మాత్రం మొత్తం కొత్తది వేశాం. పీచుని మాఘమాసపు ఎండలో బాగా ఎండబెట్టాం. విశాఖలో ఈ పనికి సంక్రాంతి తరవాత నుంచి శివరాత్రి దాకా మంచి కాలం, ఆ తరవాత ఉక్కపోత మొదలవుతుంది, అతికించే సొల్యూషన్ కూడా సరిగ్గా ఆరదు.

రెగ్జిన్ విషయంలో కూడా తొందరపడొద్దు. అది గుడ్డ మీద పూసిన పీవీసీ. దాన్ని మెత్తగా ఉంచేది అందులో కలిపిన ప్లాస్టిసైజర్ అనే పదార్థం. ఎండలో మూసి ఉంచిన కారులో గంట గడిచేసరికి బయటికంటే ఇరవై డిగ్రీల దాకా వేడి ఎక్కువ ఉంటుంది, ఆ వేడికి ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికి పోతుంది. ముందు అద్దానికి లోపలివైపు తుడిచినా మళ్లీ వచ్చే జిడ్డు పొర ఉంటుంది చూడండి, అందులో ఇది కూడా ఉంటుంది. పోయినదాన్ని ఏ పాలిష్ తిరిగి పెట్టలేదు. కాబట్టి బిరుసెక్కి పగిలిన ముక్క మార్చాల్సిందే. కానీ బెంచీ సీటులో కూర్చునే భాగం పగులుతుంది, పక్కలూ వెనకభాగమూ చాలావరకు బాగానే ఉంటాయి. మా సీటులో పగిలింది డ్రైవర్ వైపు రెండు ముక్కలే. ఆ రెండు మార్చి మిగతాది సబ్బునీళ్లతో మెత్తటి బ్రష్షు పెట్టి కడిగాం. థిన్నరు, పెట్రోలు, కిరసనాయిలు దగ్గరికి రానివ్వకండి, మురికితోపాటు పై పొరని కూడా లాగేస్తాయి.

కొత్త ముక్కల రంగు పాతదానికి అచ్చంగా కలవదు. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఎంత వెతికినా ఆ మాసిన ఇటుకరంగు దొరకలేదు, దగ్గరగా ఉన్నదే తీసుకున్నాం. కొందరికి అది కంటికి గుచ్చుకుంటుంది. నాకు మాత్రం అదే నచ్చింది, ఏది పాతదో ఏది నేను వేసిందో చూడగానే తెలియాలి.

కుట్టుపని ఇంట్లో చేయొచ్చా అని అడుగుతారు. రెండు పొరల దాకా మన ఇళ్లలో ఉండే నల్ల కుట్టుమిషను కుడుతుంది, 18వ నంబరు సూది వేసి చెయ్యి చక్రం నెమ్మదిగా తిప్పుకుంటూ కుట్టాలి. సీటు అంచుల్లో తాడులా ఉబ్బెత్తుగా కుట్టే పైపింగ్ వచ్చేచోట నాలుగు పొరలు పడతాయి, అక్కడ మేస్త్రి మిషనే దిక్కు. పాత కవరు కుట్లు విప్పి, ప్రతి ముక్క వెనక నంబరు రాసి, ఫోటో తీసి, ఆ ముక్కనే నమూనాగా పెట్టి కత్తిరించండి. పాత ముక్క సాగి ఉంటుంది కాబట్టి అంచుని నమ్మొద్దు, పాత కుట్టుగీతని నమ్మండి. నూలు దారం మన తేమకి ఆగదు, పాలిస్టర్ దారమే వాడండి. కుట్టు మరీ దగ్గర దగ్గరగా పడితే రెగ్జిను పోస్టల్ స్టాంపులా ఆ గీత వెంబడే చిరుగుతుంది, నాలుగు మిల్లీమీటర్లకి తక్కువ కాకుండా చూసుకోండి. ఒకసారి సూది దిగిన చిల్లు మళ్లీ పూడదు, అందుకే గుండుసూదులు కాకుండా బట్టలారేసే క్లిప్పులు పెట్టుకుని కుట్టాలి.

ఇప్పుడు నా మాట కాదనేవాళ్ల వైపు నుంచి చూద్దాం. "కారు నీది, డబ్బు నీది, నల్ల లెదరో డైమండ్ కుట్టో నీకు నచ్చింది వేయించుకో, పాతదాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు" అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. ముంబైలో ఇవే పద్మినీలు ట్యాక్సీలుగా తిరిగినన్నాళ్లూ డ్రైవర్లు లోపల పైకప్పుకీ తలుపులకీ పువ్వుల బట్టలు, రంగురంగుల ప్రింట్లు వేయించుకున్నారు. 2023 అక్టోబరులో ఆ ట్యాక్సీల కాలం ముగిసినప్పుడు జనం తలుచుకుని బాధపడినవాటిలో ఆ అలంకారం కూడా ఉంది. ఆ బట్టలు ఆ బండి జీవితంలో భాగం, రోజంతా అందులోనే గడిపే మనిషి తన కష్టంతో వేసుకున్నవి. వాటిని పీకి మళ్లీ కంపెనీ రెగ్జిను వేయమని నేను అనను. నేను వద్దనేది వేరు. నలభై ఏళ్లు ఒక కుటుంబం కూర్చున్న సీటుని, ఇంకా పనికొచ్చే సీటుని, ఏ కారులోనైనా ఇట్టే ఇమిడిపోయే ఒక షోరూమ్ నమూనా కోసం చెత్తకుప్పలో వేయడం. తలుపు మీద మా అమ్మ మోచెయ్యి ఆనే చోట రెగ్జిను నున్నగా అరిగి ఉంది. దాన్ని మళ్లీ తయారు చేయగలిగిన షాపు ఏదీ లేదు.

కార్పెట్ గురించి మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. ఫోము అంటించిన కార్పెట్‌ని సొల్యూషన్ పెట్టి నేలకి అతికించడం ఈ ఊళ్లో కారుని చేజేతులా చంపుకోవడమే. మా బండితో వచ్చింది విడిగా పరిచే నల్ల రబ్బరు మ్యాట్. ఎత్తి చూడొచ్చు, కడగొచ్చు, ఎండలో వేయొచ్చు. వానాకాలంలో నెలకోసారైనా ఎత్తి చూడండి.

పైకప్పు లైనింగ్ త్వరగా ముగిస్తాను, ఎందుకంటే చిరగకపోతే దాన్ని ముట్టుకోవద్దన్నదే నా సలహా. సన్న ఇనుప కమ్మీల మీద సాగదీసి అంచుల్లో అతికించి ఉంటుంది, తీసినది మళ్లీ ముడత లేకుండా వేయడం చాలా కష్టం, ముందు వెనక అద్దాలు కూడా తీయాల్సి రావచ్చు. కమ్మీల తుప్పు మరకలు కనిపిస్తే కనిపించనివ్వండి. వేయించక తప్పకపోతే అద్దాల బీడింగు మార్చే రోజే అదీ పెట్టుకోండి, రెండు పనులకీ ఒకసారే విప్పొచ్చు.

చివరిగా చట్టం సంగతి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాన్ని వింటేజ్ కింద రిజిస్టర్ చేసుకోవచ్చు, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. అలా చేసుకుంటే ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజువారీ తిరగడానికి కుదరదు. అసలు రూపం అంటే ఆ నిబంధనల్లో ఛాసిస్, బాడీ, ఇంజను గురించే ఉంది. సీట్ల గురించి, తలుపు అట్టల గురించి, మ్యాట్ గురించి ఏమీ లేదు. లోపల అంతా పీకేసి ఏం పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరన్నమాట. కారు లోపలిని కాపాడే బాధ్యత పూర్తిగా ఓనరుదే అయింది. 2029కి మా ఫియట్‌కి యాభై నిండుతాయి. నేను ఆ రిజిస్ట్రేషన్‌కి వెళ్లను, నాకు దాన్ని ఆదివారం భీమిలి రోడ్డు మీద నడపాలి, పండక్కి అమ్మని సింహాచలం తీసుకెళ్లాలి. వెనక అద్దం బీడింగు ఒకటి మిగిలి ఉంది, దానికి రబ్బరు తెప్పించాను, జూన్ లోపు వేసేయాలి.